దక్షిణం వాకిలి

మా ఆయన వంటింటి వెనక తలుపు పీకించి గోడ కట్టించినప్పటి నుంచి నాకు ఆ వంటింట్లో కాలు పెట్టాలంటేనే చిరాకు. పీకిన తలుపు మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పడి ఉంది. బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడల్లా దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆ తలుపు తీస్తే సన్నటి సందు, సందుకు అవతల ఇంకో వంటింటి తలుపు. ఆ ఇంటావిడను నేను అక్కా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. మేం తిరుపతిలో ఈ ఇంట్లో దిగిన రోజు మొదటి కాఫీ ఆ తలుపులోంచే వచ్చింది, అంతే. నైటీ మీద తువ్వాలు వేసుకుని, జుట్టయినా ముడేసుకోకుండా ఆమె ఇటొచ్చేది, నేను అటు పోయేదాన్ని. చింతపండు చాల్లేదనో, అత్తగారి మీద కోపం వచ్చిందనో. వాళ్ళ వంటింట్లో నేలమీద చతికిలబడి చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. "మీ ఇంట్లో కుక్కరు కూస్తా ఉండాది, లెయ్ మే" అని ఆమే తరిమేది.

మా ఆయనకు ఆఫీసులో ప్రమోషన్ ఆగిపోయింది. ఎవరో చెబితే వాస్తు చూసే పెద్దమనిషిని తీసుకొచ్చాడు. ఆయన దిక్సూచి పట్టుకుని ఇల్లంతా తిరిగి, వెనక తలుపు దగ్గర నిలబడి నాలుక చప్పరించాడు.

"ఈడుండాదప్పా నీ కష్టం. దక్షిణం వాకిలి, దానికెదురుగా ఇంకోళ్ళ వాకిలి. మూసెయ్యాల."

గాలెటు, నీళ్ళెటు అని అన్నీ అడిగాడు మహానుభావుడు. ఆ తలుపులోంచి ఎవరొస్తారని మాత్రం అడగలేదు.

"నేను అక్క దగ్గరికి ఎట్లా పోయేది?" అన్నాను.

"సుట్టూ తిరిగి పోతే ఏమైతాది? కాళ్ళు అరిగిపోతాయా?" అన్నాడు మా ఆయన.

చుట్టూ తిరిగి పోవడమంటే ఏమిటో ఈ మగవాళ్ళకేం తెలుసు! నైటీతో మెయిన్ రోడ్డెక్కలేం కదా, ముందు చీర కట్టుకోవాలి. టీ అంగడి ముందు నిలబడ్డ మగవాళ్ళను, యాత్రికుల జీపులను దాటి, మలుపు తిరిగి, వాళ్ళ వీధిలోకి పోయి బెల్లు కొట్టాలి. వాళ్ళాయన తలుపు తీస్తాడు. ఇంత చేసి చింతపండు అడుగుతామా? మొదట్లో పంతానికి ఇద్దరం తిరిగాం. తర్వాత ఫోన్లు. ఆ తర్వాత పువ్వుల బొమ్మలతో గుడ్ మార్నింగులు.

ఇంతలో ప్రమోషన్ వచ్చేసింది! రాకపోయినా బాగుండేది, తలుపు మళ్ళీ పెట్టించమని పోరు పెట్టేదాన్ని. వచ్చింది కాబట్టి ఆ గోడ మీద ఇక చెయ్యి వేయనివ్వడు. పైగా సత్యవేడుకు బదిలీ. శనివారం వస్తాడు, సోమవారం పోతాడు. ఆయనకు కలిసొచ్చిన ఈ ఇంట్లో వారమంతా పడుండేది నేను.

మొన్న గేటు దగ్గర కూరగాయలామె అంది, "మీ ఎనకింటామెకు సెయ్యి ఇరిగిందంట గదమ్మా. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోనొచ్చిరంట. నీకు తెల్దా?"

నాకు తెలియదు! నా గోడ అవతల మనిషి జారి పడితే కూరగాయల బండి వచ్చి చెప్పాలి నాకు. ఏడుపొచ్చింది, దానికంటే ఎక్కువ కోపమొచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, దారిలో ఆపిళ్ళు కొనుక్కుని పోయాను.

అక్క ముందుగదిలో మంచం మీద ఉంది. "ఏమయ్యో, ఆయమ్మికి కుర్సీ ఎయ్యి" అంది మొగుడితో. ఆయన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి మరీ వేశాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నాకు కుర్చీ వేయడం అదే మొదలు. చేసేదేం లేక కూర్చున్నాను.

"ఒక్క మాట పిలవకూడదా అక్కా నన్ను?" అన్నాను. గొంతు పెద్దదే అయింది.

"పిలిసినా గదమ్మే," అంది అక్క. "పొద్దన్నే వంటింట్లో జారి పడినా. ఈయన పాలకు పోయినాడు. నిన్నే పిలస్తా పడుకోనుండినా. ఆడ గోడుండాదనేది మర్సేపోయినా సూడు."

ఆ వేళకు నేను గోడకు ఇవతలే ఉంటాను, మిక్సీ వేసుకుంటూ.

ఆ తలుపింకా మేడ మీదే ఉంది. రానీ, శనివారం రానీ ఆయన్ని.