గడప దాటిన అవ్వ

మా అవ్వ అవిల్లియా కాలు గడపకు తగిలిందంటే ఆ రోజుకు ప్రయాణం మానేసినట్టే. మంచమెక్కి మమ్మల్ని తిడుతూ కూర్చుంటుంది. ఈ రోజు మాత్రం మా బాబాయికి బానిసత్వం తీరే రోజు. మా రోము ఆచారం ప్రకారం న్యాయాధికారి ఎదుట కొడుకును కర్రతో తాకి విడిపిస్తుంటే కళ్లారా చూడాలని తెల్లారేసరికే కొప్పు చుట్టుకుంది. తీరా బయలుదేరితే బొటనవేలు గడపకు తగిలింది.

"ఇంకేం, మంచమెక్కు అవ్వా," అన్నాను.

"నోర్ముయ్యవే కోతీ! పెళ్లికూతురికి గడప తగలకుండా ఏం చేస్తారు?"

"ఎత్తి దాటిస్తారు. కానీ లోపలికి కదా?"

"ఎటైతే నీకేంటి? ఒరేయ్ గావియస్, ఇటు రా!"

కింది కొట్లో రొట్టెలు చేసే గావియస్ వచ్చి, డెబ్బై ఏళ్ల పెళ్లికూతుర్ని మూలుగుతూ ఎత్తాడు. వీధంతా నవ్వింది.

"కుడికాలు ముందు దించరా, దున్నపోతా!" అని అవ్వ అతని చెవి మెలేసింది.

బాబాయి భుజానికి కర్ర తగిలినప్పుడు అందరికంటే ముందు అవ్వే నిలబడి ఉంది, ఒంటినిండా గావియస్ పిండితో.