బంగళా డబ్బుతో తొమ్మిదిళ్ళు

పిన్నిగారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. నందిగామలో బడి తెరిచి వారం అయింది. మూడో తరగతి పిల్లలచేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నా. అతను కిటికీ దగ్గరకొచ్చి నిలబడి, "పంతులమ్మగారూ, పేటలో మీ ఇంటిగలావిడ తెల్లారుజామున పోయారండి. మీకు చెప్పమన్నారు," అన్నాడు. "సరే" అన్నా. ఇంకేమైనా అంటానేమోనని కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నేను ఎక్కం పూర్తి చేయించా. తర్వాత ఎవరికి చెప్పి బడి దాటానో, బస్సులో ఎవరి పక్కన కూర్చున్నానో గుర్తులేదు.

జగ్గయ్యపేట చేరేసరికి అంతా అయిపోయింది. వసారా కడిగేశారు. రాళ్ళ మీద నీళ్ళు ఇంకా ఆరలేదు. నేను ఏడవలేదు. ఇవాళ్టికీ ఏడుపు రాలేదు. ఆవిడ గురించి నాలుగు మాటలు మీకు చెప్పాలని మాత్రం ఉంది.

పేటలో ఉద్యోగం వచ్చేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. భర్త పోయి మూడేళ్ళు. బడి దొరికింది గాని ఇల్లు దొరకలేదు. "మగదిక్కు లేనిదానివి, నీకెలా ఇస్తామమ్మా" అని ఆరిళ్ళవాళ్ళు గడపలోంచే పంపించేశారు. ఏడో ఇల్లు బట్టల కొట్టు పిన్నిగారిది. ఆవిడకీ భర్త లేరు. యాభై దాటిన మనిషి. మరిదితో కలిసి కొట్టు నడుపుతుండేది. నన్ను ఎగాదిగా చూసి, "వంట చేసుకుంటారా?" అంది.

"చేసుకుంటానండి. అద్దె ఎంతండి?"

"అద్దె సంగతి తర్వాత. ముందు లోపలికెళ్ళి తలుపు గడియ సరిగ్గా పడుతుందో లేదో చూసుకోండి."

వీధి వీధంతా పిన్నిగారనేవాళ్ళు, నేనూ అలాగే అన్నా. నాకు అద్దెకిచ్చిన వెనకవైపు ఒక్క గదిని ఆవిడ ఎప్పుడూ "మీ ఇల్లు" అనేది. తన ఇంట్లో తన గదికి వస్తూ కూడా బయట నిలబడి దగ్గేది. నేను "రండి" అంటేనే లోపలికి వచ్చేది. ఆ దగ్గు విన్నప్పుడల్లా నాకు ఈ భూమ్మీద ఒక చోటు ఉందనిపించేది. ఆ సంగతి ఆవిడకి ఎన్నడూ చెప్పలేదు.

బట్ట కొలిచేటప్పుడు గజం దాటి బొటనవేలంత వదిలి కోసేది. మరిది విసుక్కుంటే, "మన కత్తెర వంకరపోతే ఆ నష్టం కట్టుకునేవాళ్ళెందుకు మొయ్యాలి?" అనేది. ఏదైనా ఆలోచిస్తుంటే చేతిలో ఉన్న గుడ్డని నాలుగు మడతలు పెట్టేది, విప్పేది, మళ్ళీ పెట్టేది. తెలుగు కూడబలుక్కుని చదివేది. ఇంగ్లీషు రాదు.

స్వతంత్రం వచ్చాక ఊరి బోర్డులో ఒక ఆడమనిషి ఉండాలని ఆవిణ్ణి వేశారు. "మాట్లాడనని వేశారు పంతులమ్మా," అని ఆవిడే నవ్వింది. మొదటి ఏడు నిజంగానే మాట్లాడలేదు.

ఆ ఎండాకాలం సున్నపు బట్టీల దగ్గర కూలివాళ్ళ పాకలు అంటుకున్నాయి. పద్నాలుగు పాకలు. అన్నం వండుకునే వేళకి మొదలై, కుండలు చల్లారకముందే అయిపోయింది. వాళ్ళందర్నీ సంత పాకల్లోకి పంపారు. అప్పటికే అక్కడ నైజాం వైపు నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. నాలుగు వైపులా గోడల్లేని పాకలు. నాగమ్మ అని ఒక బట్టీ కూలిమనిషి, ఆమె కోడలు అక్కడే ప్రసవించింది. పిన్నిగారు కొట్టులోంచి ఒక గుడ్డ తాను తీసుకెళ్ళి చుట్టూ కట్టించి, పురుడు అయ్యేదాకా అక్కడే కూర్చుంది. మగపిల్లాడు.

ఇంటికొచ్చాక చేతి తువ్వాలు మడతలు పెట్టింది, విప్పింది. తర్వాత, "బోర్డు దగ్గర బంగళా డబ్బుంది పంతులమ్మా," అంది.

ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. వచ్చే పోయే అధికార్లకి ఒక బంగళా కట్టడానికి యుద్ధం అయిపోగానే డబ్బు మంజూరైంది. సిమెంటుకి పర్మిట్టు దొరక్క రెండేళ్ళుగా అలాగే పడి ఉంది. కట్టించే కాంట్రాక్టు పిన్నిగారి మరిదికే వచ్చింది. పునాది గుంటలు తవ్వించాడు. అవి కాస్తా నీళ్ళతో నిండాయి.

బోర్డులో ఆవిడ లేచి, ఆ డబ్బుతో కాలిపోయినవాళ్ళకి ఇళ్ళు కట్టిద్దామంది. నవ్వినవాళ్ళు నవ్వారు. ఒకాయన మాత్రం, "పైనుంచి ఉత్తరువు తెచ్చుకోండమ్మా, మాకేం అడ్డం లేదు," అన్నాడు. ఈవిడ ఎలాగూ తేలేదులే అన్న ధీమాతో అన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి నాచేత అర్జీ రాయించింది.

నందిగామ ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాం. అప్పట్లో బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు ఎక్కలేక ఆగితే మగవాళ్ళు దిగి తోసేవాళ్ళు. మొదటిసారి అధికారి ఊళ్ళో లేరు. రెండోసారి సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. మూడోసారి లోపలికి పిలిచారు.

"మిమ్మల్ని ఎవరు పంపారమ్మా?" అని అడిగారు ఆయన.

"ఎవరూ పంపలేదండి. బస్సెక్కి వచ్చా."

"ఒక పనికొచ్చిన డబ్బు ఇంకో పనికి మళ్ళించడం కుదరదండి. అది బంగళాకి మంజూరైంది."

"మనుషులు ఉండటానికే కదండి మంజూరైంది? బంగళా మటుకు ఇల్లు కాదా?"

ఆయన నవ్వబోయి ఆగారు. "సిమెంటు రాగానే పని మొదలవుతుంది," అన్నారు.

"వీళ్ళ గోడలకి సిమెంటు అక్కర్లేదండి. సున్నం కాల్చేది వాళ్ళే, గానుగలో తిప్పి నూరేది వాళ్ళే. రాయి మా ఊళ్ళోనే దొరుకుతుంది. మీ కాగితం ఒక్కటే తక్కువ."

ఆయన అర్జీని మళ్ళీ మొదట్నుంచి చదివారు. పైకి రాస్తానన్నారు. మంచివాడే. రాశారు కూడా.

కాగితం పైకెళ్ళి రావడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా వానలు పట్టుకున్నాయి. సంత పాకల్లోకి జల్లు కొట్టేది. ఎండలో కట్టిన ఆ తాను గుడ్డే తడిసి బరువెక్కి వేలాడేది. నాగమ్మ మనవడికి జ్వరం వచ్చింది. మూడో రోజు పోయాడు. ఆ రోజు పిన్నిగారు కొట్టు తెరవలేదు. నేను అన్నం పట్టుకెళితే, "అక్కడ పెట్టండి" అంది. మర్నాడు చూస్తే గిన్నె అక్కడే ఉంది.

ఉత్తరువు ఆ తర్వాత పదకొండో రోజున వచ్చింది. బోర్డు బంట్రోతు తెచ్చి ఇస్తే నాచేత చదివించుకుంది. నేను సంతోషంతో గబగబా చదివా. ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్ళీ పెట్టింది.

"వచ్చింది," అంది. అంతే.

బంగళా పని పోయినందుకు మరిది ఆ వారమే వేరు పడ్డాడు. "ఇంట్లోవాళ్ళ అన్నం తీసి వీధిలోవాళ్ళకి పెట్టావు వదినా," అన్నాడు. అందరూ వింటుండగా అన్నాడు. కొట్టు మధ్యన గోడ లేచింది. ఆవిడ వాటాకి వచ్చిన వైపు కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా దీపం పెట్టుకుని బట్ట చూపించేది. గోడ కట్టడానికొచ్చిన తాపీమేస్త్రికి మజ్జిగ ఇచ్చింది, నేను చూశా. "ఆయన పని ఆయనది, ఎండ ఆయనకీ ఎండే," అంది.

చలికాలానికి ఇళ్ళు లేచాయి. రాతి గోడలు, గానుగ సున్నం, తాటి దూలాలు, పైన గూన పెంకులు. డబ్బు తొమ్మిదిళ్ళకే సరిపోయింది. ముసలివాళ్ళూ పసివాళ్ళూ ఉన్నవాళ్ళకి ముందు ఇచ్చారు. నాగమ్మకి ఇల్లొచ్చింది. ఆమె తాళం తీసుకుని, పిన్నిగారి చెయ్యి కాసేపు పట్టుకుని వదిలేసింది.

ఐదు కుటుంబాలు మిగిలిపోయాయి. అందులో ఒకతను ఆవిడ కొట్టు ముందుకొచ్చి, "మాది కాలలేదా తల్లీ? మేం తడవలేదా?" అని అరిచాడు. జనం పోగయ్యారు. పిన్నిగారు గద్దె దిగి, అతను అలిసిపోయి ఆగేదాకా ఎదురుగా నిలబడి విన్నది. డబ్బు చాలలేదని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ సాయంత్రమే నా గది బయట దగ్గింది.

"ఇంకో అర్జీ రాయాలి."

"ఏమని రాయమంటారు?"

"ఐదు అని రాయండి. మిగతాది మీకు తెలుసు కదా."

రాశా. ఆవిడ సంతకం కూడబలుక్కుంటూ తెలుగులో పెట్టింది. తర్వాత నాకు నందిగామ బదిలీ అయింది. సెలవు దొరికినప్పుడల్లా ఆఫీసుకెళ్ళి అడుగుతూనే ఉన్నా. "చూస్తున్నామండి" అంటున్నారు.

ఆవిడ పోయిన రోజు తెల్లారుజామునే లేచి ముఖం కడుక్కుని అరుగు మీద కూర్చుని, అలాగే గోడకి ఒరిగిపోయిందట. నేను పేట చేరాక ఈ సంగతి మరిదిగారే చెప్పారు. కర్మ ఆయనే చేస్తున్నారు. తలపాగా తీసేసిన ఆయన ముఖం నాకు కొత్తగా కనిపించింది. "గోడ కట్టిన రోజు కూడా నన్నేమీ అనలేదమ్మా," అన్నారు. తర్వాత, "ఆ ఐదిళ్ళ అర్జీ ఎక్కడుంది?" అని అడిగారు. నందిగామలోనే ఉందన్నా. ఆయన తల ఊపారు.

నేను లేచి బట్టీల వైపు నడిచా. వాళ్ళకి కబురు చెప్పాలనుకున్నా. చెప్పక్కర్లేకపోయింది, పొద్దున్నే అందరూ శవం వెంట నడిచి వచ్చారట. వానలు ముంచుకొస్తున్నాయని ఇప్పుడు పెంకులు సర్దుకుంటున్నారు. నాగమ్మ ఇంటి కప్పు మీద ఇద్దరున్నారు. కింద నుంచి వరసగా నిలబడి ఒకరి చేతి నుంచి ఒకరు పెంకులు అందిస్తున్నారు. వరసలో ఒక చోట ఖాళీ ఉంది. ఏమీ తోచక అక్కడ నిలబడ్డా.

నా పక్కన ఉన్నది ఆ రోజు కొట్టు ముందు అరిచినతను. అతను ఇప్పటికీ సంత పాకలోనే ఉంటున్నాడు. ఒక పెంకు నా చేతిలో పెట్టి, "జాగ్రత్తండి, అంచు కోస్తది," అన్నాడు. తీసుకుని అవతలి చేతికి అందించా. ఇంకోటి వచ్చింది. మబ్బు కమ్ముకొస్తోంది. పెంకులు వస్తూనే ఉన్నాయి, ఎండకి కాగి వెచ్చగా, ఒకదాని తర్వాత ఒకటి.