అమ్మ రంగు మార్చనన్నాను

పోయిన నెల మా అన్న మిఠాయి పొట్లం పట్టుకుని ముత్తుకూరులో మా ఇంటికి వచ్చాడు. కూతురికి యూనివర్సిటీలో డిజిటల్ మీడియా కోర్సులో సీటు వచ్చిందట. గ్రాఫిక్స్ అనీ యానిమేషన్ అనీ ఆయన ఆ చదువు గొప్పతనం నాకే వివరిస్తుంటే, మిఠాయి నోట్లో వేసుకుని వింటూ కూర్చున్నాను గానీ, లోపల మాత్రం పాత కోపం ఒకటి కదిలింది. ఇదే చదువుకు నేను పోతానన్నప్పుడు, పెళ్ళి ఫోటోలు దిద్దే పనికి యూనివర్సిటీ దాకా ఎందుకు, బస్టాండు దగ్గర స్టూడియోలో చేరితే వాళ్ళే నేర్పుతారు గదా అని నవ్వింది ఈ అన్నే. ఆ మాట ఇప్పుడు అప్పజెబుదామని నోటిదాకా వచ్చి, ఆయనతో వచ్చి వెనకాల నిలబడ్డ మేనకోడలి సంతోషం చూసి ఊరుకున్నాను.

మా తరంవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, అప్పట్లో మల్టీమీడియా అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. సముద్రపు ఒడ్డున ఉన్న మా చేపల పల్లెలో దానికి బొమ్మల చదువని పేరు పెట్టేశారు, ఆడపిల్ల బొమ్మలేసుకుంటూ కూర్చుంటే ఇల్లు గడుస్తుందా అని ఎగతాళి కూడా చేశారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఎండనక వాననక ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చే మా అమ్మ మాత్రం ఆ చదువు గురించి అడిగింది ఒక్కటే. "ఎండలో జేసే పని గాదు గదా మే?" కాదమ్మా, ఏసీ గదిలో కూర్చుని చేసే పనంటే, ఇంకేమీ అడగకుండా పొమ్మంది.

ఆ ఏసీ గదే మా ల్యాబు. చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడిలోకి పోయినంత భక్తిగా లోపలికి పోయేవాళ్ళం. ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురేసి కూర్చుని, మౌసు నాకివ్వమంటే నాకివ్వమని తగువులాడుకునేవాళ్ళం. ఒక బంతి ఎగిరి నేలను తాకి మళ్ళీ ఎగిరే బొమ్మ చేయడానికి రోజుల తరబడి తంటాలు పడి, తీరా సేవ్ చేయబోయేసరికి కరెంటు పోయి అంతా గంగపాలైతే, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేవి. అయినా ఆ గదిలో నేను సుఖంగా ఉన్నాను. గీతలు పడ్డ పాత ఫోటోలు బాగుచేయడంలో నా చేయి తిరిగినంతగా ఇంకెవరికీ తిరగలేదని కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ పని మీద నాకంత మోజు ఎందుకో చెప్పాలి. మా పల్లెలో ఎవరైనా పోతే, పెద్ద దినం నాటికి స్టూడియోలో ఫోటో చేయించి పటం కట్టించడం ఆనవాయితీ. రేషన్ కార్డు మీదదో, ఏ పెళ్ళిలోనో గుంపులో పడిందో ఒక చిన్న ముఖం ఇస్తే చాలు, మగవాళ్ళకు కోటూ టై తొడిగి, ఆడవాళ్ళకు పట్టుచీర కట్టి నగలు పెట్టి, అందరికీ ఒకే గోధుమరంగు పూసి ఇచ్చేవాళ్ళు. మా వీధిలో ఏ ఇంటి గోడ చూసినా, బతికుండగా చొక్కా కూడా సరిగా తొడగనివాళ్ళు చచ్చాక ఆఫీసర్లయి కూర్చుని ఉండేవాళ్ళు. మా నాన్న నాకు ఊహ తెలియకముందే సముద్రంలో పోయాడు. నాకు తెలిసిన నాన్న ఆ కోటు మనిషే, ఎంతసేపు చూసినా ఆయన మా ఇంటి మనిషిలా అనిపించేవాడు కాదు. మా అమ్మను కూడా అట్లా పోగొట్టుకోకూడదని ఆ వయసులోనే మనసులో గట్టిగా అనుకున్నాను.

అందుకే ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు మా పల్లె ఆడవాళ్ళను ఎంచుకున్నాను. కాలేజీ కెమెరా అడిగి తెచ్చి, ఒడ్డున చేపల వేలంపాట దగ్గర అరుచుకునేటప్పుడు, గంపలు సర్దుకునేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు తీసిన ఫోటోలూ వాళ్ళ మాటలూ కలిపి ఒక సీడీగా చేశాను. మాకు ప్రాజెక్టు చూసే లెక్చరర్ చెడ్డవారేం కాదు, ఓపికగా నేర్పిన మనిషే. ఆయన అంతా చూసి, బాగుందమ్మాయీ, కాకపోతే ప్రొజెక్టర్ మీద ఈ ముఖాలు కనపడవు, అందరినీ కాస్త తెల్లగా చేసి తీసుకురా, సంతకం పెడతానన్నారు. అది చేయడం నాకు చిటికెలో పని. చేయనన్నాను. వాళ్ళ రంగే అది సార్ అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని, సంతకం లేకపోతే పరీక్షే లేదు, సంవత్సరం పోగొట్టుకుంటావా అని అడిగారు. అన్న అయితే, రంగు కోసం డిగ్రీ వదులుకునే పిచ్చిదాన్ని ఎక్కడా చూడలేదని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

మా ఆడవాళ్ళయినా నా పక్కన నిలబడతారని, స్నేహితురాలి ఇంటి కంప్యూటర్ ఆటోలో తెచ్చి మా వసారాలో పెట్టి అందరికీ చూపించాను. మొదట మురిసిపోయారు. తర్వాత మా మేనత్త తెర దగ్గరికి వంగి చూసి, "నన్నెందుకు మే ఇంత నల్లంగ పెట్టుండావు? స్టూడియోవోళ్ళయితే ఎంత బాగ చేస్తారు!" అని నిష్ఠూరమాడింది. ఆమె అనడమే తడవు అందరూ అందుకున్నారు. చివరికి మా అమ్మ కూడా సిగ్గుపడుతూ, "నన్నన్నా రవంత తెల్లంగ చెయ్ మే, నలుగురు జూసేది గదా" అంది. లెక్చరర్ అన్నప్పుడు రాని ఏడుపు నాకప్పుడొచ్చింది. చెయ్యను పో, నువ్వడిగినా చెయ్యను, ఇట్లా తెల్లగా పూసిపూసే నాన్న ఎట్లా ఉండేవాడో నాకు తెలియకుండా చేశారు అని అందరి ముందూ కేకలేశాను.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "మీ నాయన నాకంటే నలుపు మే. తెల్లారకముందు పడవ దిగి నవ్వుకుంటా వస్తా ఉంటే ముందు పండ్లే కనపడేవి" అంది. అంటూనే నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. ఆ తర్వాత రంగు మాట ఆమె ఎత్తలేదు.

గడువు దగ్గరపడినా నేను దిగిరాకపోయేసరికి లెక్చరర్, మార్కులు పోతే నా బాధ్యత లేదని పదిమందిలో చెప్పి మరీ సంతకం పెట్టారు. పరీక్ష రోజు నేను చేసింది ఒక్కటే, నా వంతు రాగానే ఎవరినీ అడగకుండా లేచి కిటికీ తలుపులన్నీ మూసి లైట్లు ఆర్పేశాను. మా వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ స్పష్టంగా గోడ మీదికి వచ్చాయి. లోపం గది వెలుతురులో ఉంది గానీ మాలో లేదని నోటితో చెప్పే పని లేకపోయింది. అయినా క్లాసులో అందరికంటే తక్కువ మార్కులు నాకే వేశారు, వేసుకోనీ అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

అమ్మ పోయినప్పుడు అన్న ఆనవాయితీ ప్రకారం స్టూడియోకు బయలుదేరితే అడ్డం నిలబడి, వేలంపాట దగ్గర తీసిన ఆ ఫోటోనే పటం కట్టించాను. ఇప్పుడు స్టూడియోలు మూతపడ్డాయి, ప్రతి చేతిలోనూ ఫోనుంది, అది ఎవరినీ అడగకుండానే ముఖాన్ని తెల్లగా చేసేస్తోంది. నాకైతే తెల్లగా చెయ్యమని ఎదురుగా నిలబడి చెప్పే మనిషి ఉన్నాడు కాబట్టి, చెయ్యనని చెప్పగలిగాను. ఈ పిల్లలకు ఆ మాట ఎవరితో చెప్పాలో కూడా తెలియదు. రేపు వాళ్ళ దగ్గర అమ్మవీ నాన్నవీ వేల ఫోటోలుంటాయి, అయినా ఆ మనుషులు అసలు ఎట్లా ఉండేవాళ్ళో ఎవరినైనా అడిగే తెలుసుకోవాలి. నాకు చెప్పడానికి మా అమ్మ ఉండింది.