నిచ్చెన మీద తెల్లగీత

మాది ఎమ్మిగనూరు. పెళ్లిళ్లకు లైట్లు కట్టే పనిలో నేనూ మా ఆయనకు తోడు వెళ్తుంటాను. రోజూ ఎక్కి దిగే మా ఫైబర్ నిచ్చెనకు ఒక మెట్టు పక్కన వెంట్రుకంత తెల్లగీత కనిపించింది. నెలలు గడిచేకొద్దీ అది పొడుగైంది. ఎక్కినప్పుడల్లా కిర్రుమనేది.

"కొత్తది తెచ్చుకుందామప్పా" అంటే, "ఇది ఫైబరే! తుప్పు పట్టదు, కరెంటు పట్టదు. యాడ ఇరుగుతాది?" అని కసిరేవాడు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది.

మొన్న ఆదోనిలో ఒక పెళ్లింటి ముందు ఆయన పైకెక్కి లైట్లు కడుతుంటే, నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఆ గీత దగ్గరే టప్పుమని చీలింది.

"దిగప్పా, ఇరుగుతాంది!" అని అరిచాను.

"నువ్వు సుమ్మనుండే!" అంటుండగానే నిచ్చెన మడతపడింది. మేడ పిట్టగోడ పట్టుకుని ఆయన వేలాడుతుంటే నాకు పై ప్రాణం పైనే పోయింది. పెళ్లివాళ్లు మేడెక్కి ఆయన్ను పైకి లాగారు.

హమ్మయ్య అనుకునేలోపే, పెళ్లికొడుకు మేనత్త నన్ను చూసి, "గట్టిగా పట్టుకోవద్దా అమ్మా?" అంది. మా ఆయన అవునన్నట్టు తలూపాడు!

అది విరిగింది ఆ ఒక్క క్షణంలో కాదని, ఇన్ని నెలలుగా రోజుకింత విరుగుతూనే ఉందని, ఆ నడివీధిలో ఎవరికి చెప్పను?

— సావిత్రి, ఎమ్మిగనూరు