సైరన్‌కు లేవని ఒళ్ళు

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్ళు అప్పుడప్పుడు ప్రమాద సైరన్ మోగించి చూస్తారు. ఈ ఉదయం అది మోగగానే నా చెయ్యి గుండె మీదికి పోయింది. ఇప్పుడు లేని డాక్టర్ మాణిక్యం గుర్తొచ్చారు. ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. తొంభైలలో నేను గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి షిఫ్టు ఇన్‌చార్జిని, బాగా లావు. మా ఊళ్ళో ఎవరు సన్నబడినా దిగులే కారణమని, "రందితోని చిక్కిండు" అనేవాళ్ళు. చిక్కులు పెరిగితే మనిషి చిక్కుతాడు కదా అని, నడక మానేసి అందరి పరేషాన్లూ నెత్తికెత్తుకున్నాను. బరువు బాధ్యతలు పెరిగాయి. ముందు పెరిగింది బరువు.

ఒకరోజు మెట్ల మీద దడతో కూలబడితే కంపెనీ దవాఖానాకు తీసుకెళ్ళారు. అక్కడి డాక్టర్ మాణిక్యం నాకంటే లావు. నాడి పట్టుకుని, "ఏంది శంకర్, గింత ఉరుకుతున్నది?" అన్నారు. నా సిద్ధాంతం విని కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. ఇంతలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది.

"కిటికీల నుంచి సూడు."

మా సైరన్ ఉత్తపుణ్యానికే మోగుతుండేది. అందుకే ఎవరూ చాయ్ గ్లాసు కింద పెట్టలేదు. వాచ్‌మన్ ఒక్కడే గేటు తీయడానికి పరుగెత్తుతున్నాడు.

"రంది పెట్టుకుంటే ఒంట్ల గిట్లనే మోగుతది. రక్తంల కొన్ని రసాలు దిగి, కొవ్వు కాల్చుమని ఒంటికి చెప్తయ్. మనసొంటి లావుటోళ్ళ ఒళ్ళు ఆ మోతకు అలవాటుపడి కొవ్వు సక్కగ కాల్చది. వాచ్‌మన్ మాత్రం ఉరుకుతనే ఉంటడు."

"వాచ్‌మన్ ఎవరు సాబ్?"

"నీ గుండె, బేటా. మందికి చాయ్, వానికి ఉరుకుడు. ఎన్నొద్దులు ఉరుకుతడు, పాపం!"

ఆ 'పాపం' నా మీద మందుకన్నా ఎక్కువ పనిచేసింది. ఆయన మాట మీద రోజూ షిఫ్టు దిగాక బస్టాపు దాకా నెమ్మదిగా నడిచేవాణ్ణి. ఆయన మాత్రం స్కూటరు మీద నన్ను దాటిపోతూ, "నడువు నడువు!" అని అరిచేవారు.

"మీరు నడవరా సాబ్?"

"నా మాట నేనే వింటే డాక్టర్‌నెట్లయిత?"

నేను పెద్దగా చిక్కలేదు, కానీ దడ తగ్గింది. ఏ కబురు వచ్చినా, ఈ రంది నాదేనా అని అడిగి గానీ లోపలికి రానివ్వని అలవాటు ఆయన పెట్టిందే, ఇప్పటికీ ఉంది. ఆయన ఆయాసం మాత్రం ఏటేటా పెరిగింది. చెబితే నవ్వి తోసేసేవారు.

ఆయన రిటైరైన రోజు సాయంత్రం స్కూటరు ఎంత తన్నినా కదల్లేదు.

"నడుద్దాం పట్టండి సాబ్," అన్నాను.

ఆగుతూ, స్కూటరును తిడుతూ నడిచారు. దారిలో ఒక కల్వర్టు మీద కూర్చున్నాం. ఆయన భార్య పోయిందనీ, ఇంట్లో ఒక్కరే తినడం ఇష్టంలేక క్యాంటీన్లో కడుపు పగిలేలా తినేవారనీ అక్కడే మొదటిసారి విన్నాను. గుట్టల వెనక పొద్దు గూకింది. ఊపిరి కుదురుకున్నాక చెయ్యి చాచారు.

"స్కూటరు ప్లగ్గు ఇటు తే."

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశారు.

"గీ పని ముందుగాలనే జెయ్యకపోతివి, బేటా."