నేను కాలెత్తితే కదిలిన కరెంటు

ఆ రోజుల్లో నా దృష్టిలో కరెంటంటే తీగలోంచి వచ్చేది, ముట్టుకుంటే కొట్టేది. ఇంజనీరింగు డిగ్రీ చేతికొచ్చినా నా జ్ఞానం అంతకు మించి పెరగలేదు. ఢిల్లీ మయూర్ విహార్‌లో పిన్ని వాళ్లింట్లో ఉంటూ, నోయిడాలో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబులో కొత్తగా చేరాను. డయోడ్లు కొలవడం నా పని. కరెంటును ఒకవైపే పోనిచ్చే బుల్లి భాగం డయోడ్. రెండోవైపు పొరపాటున ఏ కాస్త కారుతోందో నేను చూడాలి. అంత చిన్న అంకెలు పరీక్షల కోసం కల్పించినవే అనుకునేవాణ్ణి.

చలికాలం. "ఇది తెనాలి కాదురా, గడ్డకట్టుకుపోతావు" అంటూ పిన్ని తొడిగిన సింథటిక్ స్వెట్టరుతో (రంగు అడక్కండి) మీటరు ముందు కూర్చున్నాను. డయోడ్ల మీద పెట్టాల్సిన ఇనుప మూత నాకు అడ్డమనిపించి తీసి పక్కన పెట్టాను. తెరమీద కరెంటు చూపే గీత గంతులేసింది. ఏ డయోడ్ పెట్టినా అంతే. ఆస్పత్రి పరికరాల్లోకి వెళ్లాల్సిన పెట్టెడు సరుకూ పాడైందని రిపోర్టు రాయబోతుండగా, వరంగల్ నుంచి వచ్చిన నా సహోద్యోగి అదే మీటరు మీద కొలిచాడు. గీత బుద్ధిగా పడుకుంది! "ఏందన్నా, మీటరుకు నీ మొకం నచ్చుతలేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

మా ల్యాబు మేడమ్ తెలుగావిడే, కానీ ఢిల్లీలో పుట్టి పెరగడంతో తెలుగులో విని హిందీలో జవాబిచ్చేది. నా గోడు విని "అచ్ఛా" అంది. డయోడ్ పీకేసి, తీగ కొసను ఖాళీగా వదిలి, "ఏక్ పైర్ ఉఠావో" అంది. ఒంటికాలి మీద నిలబడ్డం బడిలో అలవాటైన శిక్షే కనక వెంటనే కాలెత్తాను. గీత లేచింది. దించాను, పడింది. దూరం నుంచి చెయ్యి ఊపితే అదీ ఊగింది. నేను దేన్నీ ముట్టుకోలేదు!

"స్వెట్టర్!" అని మేడమ్ నవ్వింది. ఆ పొడి చలిలో అది కుర్చీకి రాసుకుని నా ఒంటినిండా ఛార్జి పోగేసింది. నేను కదిలితే మీటరుకు గాలిలోంచే తెలిసిపోతోంది. నూలు చొక్కా వేసుకున్న నా సహోద్యోగికి ఆ గొడవే లేదు. దాన్ని అడ్డుకోడానికే ఉన్న ఆ మూత పెట్టి మళ్లీ కొలిచాం. డయోడ్లన్నీ మంచివే.

"అంటే నేనిక్కడున్నానని దానికి తెలుసా మేడమ్?" అన్నాను గొంతు తగ్గించి.

"తెలుసు" అంది ఆవిడ, తెలుగులోనే.

ఆ సాయంత్రం కిక్కిరిసిన మెట్రోలో, నేను చెయ్యి కదిపితే ఎక్కడ ఏ గీత లేస్తుందోనని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు కొత్తవాళ్లకు ఈ పని నేర్పుతున్నది నేనే. మూత ఎందుకో రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకు సాగిపోతాను. అప్పుడప్పుడు మాత్రం, ఆ సాయంత్రం ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ ఇంటికెళ్లిన కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.