కత్తెర బాబాయి చిన్న ముక్క

కత్తెర బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ మొక్క కనబడినా ఓ ముక్క కత్తిరించుకోకుండా కదలలేడు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. దుకాణం మూసేసినా జేబులోంచి కత్తెర దిగలేదు. ఎవరైనా పట్టుకుంటే తడుముకోకుండా ఒకటే మాట: "చిన్న ముక్కేనమ్మా. చెట్టుకి తెలియనే తెలియదు."

ఓసారి ఆస్పత్రిలో ఉన్న బావమరిదిని చూడ్డానికి వెళ్ళి, డాక్టరుగారి కిటికీలోని కుండీలోంచి ఓ కొమ్మతో తిరిగొచ్చాడు. "తమ్ముడెలా ఉన్నాడు?" అని పిన్ని ఆత్రంగా అడిగింది. "పర్లేదు, నీడలో పెడితే నాలుగు రోజుల్లో చిగురేస్తుంది," అన్నాడు. పిన్ని రెండ్రోజులు మాట్లాడలేదు. మేడ మీద నూట పద్నాలుగు కుండీలున్నాయి. పాపం ఆవిడ బట్టలు పక్కింటివాళ్ళ తాడు మీద ఆరేసుకుంటుంది.

బాబాయి అన్నకూతురు బళ్ళో లెక్కల టీచరు, పైగా తోటల సంఘానికి కార్యదర్శి. సంఘం ఏటా ఒకరోజు బస్సు కట్టించుకుని తోటలు చూసొస్తుంది. ఈ ఏడు పొద్దున పాత కోటలోని తోట, మధ్యాహ్నం రిటైరైన జడ్జిగారి సొంత తోట. అందరూ ఆశపడేది రెండోదానికే. అయితే జడ్జిగారి నుంచి అనుమతితోపాటు హెచ్చరిక కూడా వచ్చింది. టీచరమ్మ దాన్ని సమావేశంలో చదివి వినిపించింది. "ఆరేళ్ళ క్రితం మీవాళ్ళెవరో మా పడకగది కిటికీ పక్క తీగ గులాబీని కోశారు. ఏడాది తిరక్కుండా అది ఎండిపోయింది. అది నా భార్య నాటింది. ఈసారి ఒక్క ఆకు తెగినా మీ సంఘానికి నా గేటు ఇక తెరవను."

ఇరవై రెండు తలలు ఒక్కసారిగా బాబాయి వైపు తిరిగాయి. ఆయన చిన్న ముక్కేనని అనలేదు. తల వంచుకుని టీకప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

బయల్దేరే రోజు టీచరమ్మ బస్సు మెట్ల దగ్గరే చెయ్యి చాపింది.

"కత్తెర ఇటివ్వు బాబాయ్."

ఇచ్చాడు.

"రెండోది?"

కళ్ళజోడు పెట్టెలోంచి తీసి ఇచ్చాడు.

"సాక్సులోది?"

"నీకు లెక్కలు చెప్పించి తప్పు చేశాం తల్లీ," అంటూ వంగి అదీ ఇచ్చాడు. మూడూ ఆవిడ చేతిసంచిలోకి పోయాయి.

బస్సెక్కాక బాబాయి తన ఒళ్ళోని గుడ్డసంచిని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కోట తోటలో రెండువందల ఏళ్ళ చెట్ల ముందు అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడితే, ఆయన సంచిని నీడలో పెట్టి దానికి కాపలా కూర్చున్నాడు. ఒక్క కొమ్మనైనా తడమలేదు. "ఒంట్లో బాగాలేదేమో," అన్నాడు సంఘం అధ్యక్షుడు, నిజంగానే కంగారుపడి.

మధ్యాహ్నం జడ్జిగారే గేటు దగ్గర ఎదురొచ్చారు. "వెళ్ళేటప్పుడు సంచులు చూస్తాను, ఏమనుకోకండి," అన్నారు. లోపల ప్రతి మొక్కా కళకళలాడుతోంది. పడకగది కిటికీ పక్కన మాత్రం ఉత్త కర్రల పందిరి.

తిరిగి గేటు దగ్గర లెక్కపెడితే ఒకరు తక్కువ. టీచరమ్మ పరుగున వెళ్ళేసరికి బాబాయి ఆ పందిరి కిందే గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న పచ్చటి కొమ్మ. వెనకే జడ్జిగారు వచ్చి నిలబడ్డారు.

"ఎప్పుడు కోశావు బాబాయ్?" అని ఆవిడ నిలదీసింది.

"ఆరేళ్ళ క్రితం."

సంచి కిందికి లాగాడు. కుండీలో మోకాలెత్తు తీగ గులాబీ, రెండు పసుపు మొగ్గలు. దానికి బట్టలకు కట్టే చీటీ: "జడ్జిగారిల్లు, పడకగది కిటికీ."

"కోసింది నేనేనండి," అన్నాడు బాబాయి లేచి నిలబడి. "అప్పటికే దాని మొదలు పుచ్చిపోయింది. చెబుదామంటే, కిటికీ లోపల అమ్మగారు జబ్బుగా పడుకుని ఆ పూలకేసే చూస్తున్నారు. నోరు రాలేదు. మా దుకాణంలో ఎవరి గుడ్డ కుట్టినా ఓ ముక్క దాచేవాళ్ళమండి. రేపెప్పుడైనా చిరిగితే అతుక్కి అదే గుడ్డ కావాలి కదా. ఇదీ అలాగే దాచాను. ఎండిపోయిందని మొన్న ఉత్తరం వినేదాకా తెలియదు, తెలిస్తే ఎప్పుడో తెచ్చేవాణ్ణి."

మేడ మీద నూట పద్నాలుగు కుండీలకీ ఇలాంటి చీటీలే ఉన్నాయి. డాక్టరుగారి కిటికీ, బడి గేటు, మూలమలుపు ఇల్లు. టీచరమ్మ ఇన్నాళ్ళూ వాటిని దొంగతనాల జాబితా అనుకుంది. ఇప్పుడు మాత్రం ఈ మనిషి మా బాబాయి అని గేటు దాకా వినబడేలా చెప్పాలనిపించింది.

జడ్జిగారు వంగి ఆ మొగ్గలకేసి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేరం ఒప్పుకున్నారు, శిక్ష తప్పదు. మీ చేత్తోనే నాటండి. నెలకోసారి వచ్చి చూసుకోండి," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "వెనకున్న దానిమ్మ కూడా ఆవిడ నాటిందే. ముసలిదైపోయింది. దాని ముక్క కూడా ఏమైనా దాచారా?" అని అడిగారు.

"లేదండి. ఆ రోజు దాని దాకా వెళ్ళేలోపే బస్సువాడు హారన్ కొట్టేశాడు," అన్నాడు బాబాయి, అప్పటి బాధ ఇంకా తీరనట్టు. అని, బెరుగ్గా అన్నకూతురి వైపు చూశాడు.

టీచరమ్మ చేతిసంచి తెరిచింది. మూడు కత్తెరల్లో పదునైనది ఏరి, సంఘమంతా చూస్తుండగా ఆయన చేతిలో పెట్టింది.

"కాస్త పెద్ద ముక్కే తీసుకో బాబాయ్. పిన్నికి నేను చెబుతాను."